శౌరమ్మ వాసన బల్ల

శౌరమ్మ ముక్కు గురించి మా కంపెనీలో చెప్పుకునే వాటిలో సగం గాలి కబుర్లేనని మొదట్లో నేను అనుకునేదాన్ని. ఎవరైనా ఎవరి గురించైనా గొప్పగా చెబితే నాకు ఊరికే ఒళ్లు మండుతుంది, అది నా పుట్టుబుద్ధి. పైగా కెమిస్ట్రీ చదివి, ఫ్యాక్టరీల పొగ లెక్కలు కట్టే ఉద్యోగంలో చేరినదాన్ని. ఖాళీ సీసాకు ముక్కు ఆనించి అది ఏ ఊరు వెళ్లొచ్చిందో చెబుతుందంటే నమ్మడానికి నేనేమైనా చిలక జోస్యం చెప్పించుకోవడానికి వచ్చానా? ఇప్పుడు ఆవిడ గురించి రాయబోతూ, నేనే అందరికన్నా ఎక్కువ గొప్పలు చెబుతానేమోనని భయపడుతున్నాను. చెబితే చెప్పానులెండి.

మాది భవానీపురం దాటాక, కృష్ణ గట్టుకు కాస్త ఇవతల ఉన్న చిన్న సోడా కంపెనీ. సోడా పేరు జలజ. యజమాని కోటేశ్వరరావు గారి నాన్నగారు వన్ టౌన్‌లో ఒక చిన్న కొట్లో గోలీసోడా కొడుతూ మొదలుపెట్టారట. ఇప్పుడు నిమ్మ, అల్లం, సుగంధి, మూడు రకాలు చేసి ఇటు మైలవరం దాకా, అటు మంగళగిరి దాకా, కింద బందరు దాకా పంపిస్తున్నాం. ఎండాకాలంలో మా సోడా తాగని పెళ్లి విడిది ఈ చుట్టుపక్కల ఉండదు.

నన్ను పనిలోకి తీసుకున్నది పొగ తగ్గించడానికి. మా సోడా కొనే పెద్ద హోటళ్లవాళ్లు, మీ సీసా మా బల్ల మీదికి వచ్చేసరికి దాని వెనక ఎంత పొగ పోయిందో చెప్పండి అని అడగడం మొదలుపెట్టారు. కోటేశ్వరరావు గారు మొదట వాళ్లు వేళాకోళం ఆడుతున్నారనుకున్నారు. రెండోసారి అడిగాక ఆయనకు పట్టుదల వచ్చింది. నేను చేరిన వారంలోనే, ఈ కొత్తమ్మాయి గ్యాస్ తగ్గించడానికి వచ్చిందట అన్న మాట లోడింగ్ దగ్గరికి పాకిపోయి, గ్యాస్ తగ్గిస్తే ఇక అది సోడా ఎట్టా అవుతుందని పెద్దవాళ్లు నిజంగానే దిగులు పడ్డారు. సోడాలో బుస్సుమనే గ్యాసు చెరకు మడ్డి పులియబెట్టే ఫ్యాక్టరీ నుంచి పట్టి తెచ్చుకున్నదనీ, మనం పట్టకపోతే అదెలాగూ గాల్లో కలిసేదేననీ, నా తగాదా దానితో కాదనీ, బొగ్గుతో, డీజిల్‌తో, సీసాతో అనీ చెప్పడానికి నా నోరు నొప్పి పుట్టింది.

ముందు బొగ్గు పోయింది. సీసాలు కడగడానికి, చక్కెర పాకం కాచడానికి వేడినీళ్లు కావాలి. ఆ నీళ్లకోసం ఏళ్ల తరబడి బాయిలర్‌లో బొగ్గు ఎగదోసినవాడు బాలశౌరి, శౌరమ్మ భర్త. ఇప్పుడు ఆ వేడి కప్పు మీది ఎండ నుంచి వస్తుంది. మబ్బు పట్టిన రోజు గాలిలో ఉన్న వేడినే లాగి నీళ్లు కాచే యంత్రం ఒకటి ఉంది. దాన్ని మొదటిసారి తిప్పినప్పుడు, నిప్పు లేకుండా గొట్టంలోంచి పొగలు కక్కే నీళ్లు వస్తుంటే బాలశౌరి వేలు పెట్టి చూసి, చెయ్యి కాల్చుకుని, కాలిన వేలిని అందరికీ చూపించుకుంటూ తిరిగాడు. ఆయన పని ఇప్పుడు కప్పెక్కి ఆ పలకల మీది దుమ్ము కడగడం. కిందున్నవాళ్లను అక్కణ్నుంచే పలకరిస్తాడు, దొరలా.

తరువాత లారీలు. బందరు వెళ్లే లారీ నిండుగా వెళ్లి ఉత్తిగా తిరిగి రావడమనేది మానేసింది. ఊళ్లోకి బ్యాటరీ ఆటోలు వచ్చాయి. ఇవన్నీ ఒక ఎత్తు, సీసా ఒక్కటీ ఒక ఎత్తు. మా పొగలో సింహభాగం ఒక్కసారి తాగి పారేసే ప్లాస్టిక్ సీసాదే. గాజుకు మారదామని నేనే పోరుపెట్టాను. అయితే గాజులో ఒక మెలిక ఉంది. ఇసుకను కరిగించి సీసా చెయ్యడానికి కొలిమి తినే మంట అంతా ఇంతా కాదు. ఆ సీసా ఒకసారి వెళ్లి తిరిగి రాకపోతే ప్లాస్టిక్ కన్నా అదే ఎక్కువ పాపం మూటగట్టుకుంటుంది. అదే సీసా మళ్లీ మళ్లీ తిరిగొచ్చి, మళ్లీ మళ్లీ నిండి, పదిమంది నోళ్లు తిరిగితేనే గాజు గెలుస్తుంది. ఈ మాట చెబితే కోటేశ్వరరావు గారు నవ్వి, మా నాన్న గోలీసోడా అంతా అట్టాగే నడిపాడు కదమ్మా అన్నారు.

అలా గాజుకు మారాం, ఇక్కడే శౌరమ్మ వచ్చింది. మా డెల్టాలో మంచి గాజు సీసా చేతికి చిక్కితే ఎవరూ ఊరుకోరు. కిరోసిన్ పోస్తారు, ఆముదం పోస్తారు, పొలంలోకి పురుగుమందు పట్టుకెళతారు, తేనె దాస్తారు, నాలుగు నెలలు వాడుకుని ఎప్పుడో తిరిగిచ్చేస్తారు. మా వాషర్ వేడినీళ్లూ కాస్టిక్ సోడా పోసి సీసాలను కడుగుతుంది గానీ, కిరోసిన్ సీసా ఒకటి లోపలికి పోయిందంటే దాని వెనకున్నవన్నీ కిరోసిన్ కొడతాయి. కాబట్టి వాషర్ ముందే ఒక బల్ల వేసి, తిరిగొచ్చిన ప్రతి సీసానూ ఎవరో ఒకరు వాసన చూడాలి. ఆ పని ముగ్గురు నలుగురికి ఇచ్చి చూశాం. మధ్యాహ్నానికే ముక్కు మొద్దుబారిపోయిందని లేచి వెళ్లిపోయారు.

అప్పటికి శౌరమ్మ లోడింగ్ దగ్గర ఊడ్చే పనిలో ఉంది. యాభై దాటిన మనిషి, పొట్టి, నెరిసిన జుట్టును బిగించి ముడేసుకుంటుంది, మెడలో నల్లదారానికి మేరీమాత బిళ్ల. చీపురుతో బల్ల పక్కనుంచి పోతూ, పోతూనే ఒక ట్రే వైపు చూపించి, ఆ మూలదాంట్లో పురుగుమందు పోశారండీ అని చెప్పి వెళ్లిపోయింది. నిజమే. మర్నాటినుంచి చీపురు ఇంకొకరి చేతికి వెళ్లింది, ఆవిడ బల్ల దగ్గర కూర్చుంది.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఒకరోజు మా ఇంట్లోంచి ఒక సీసా తెచ్చాను. అందులో మా అమ్మ దగ్గుకని వాము కషాయం పోసుకునేది. నేనే శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, డిపో నుంచి వచ్చిన ట్రేలో మధ్యలో దాచిపెట్టి, ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడ్డాను. శౌరమ్మ వరసగా చూసుకుంటూ వచ్చి దాని దగ్గర ఆగింది. మూతి దగ్గర చూసింది, తరువాత సీసా నడుం దగ్గర చూసింది.

"ఇది కొట్లోది కాదండీ. వాము కాచి పోశారు. ఎవరో పెద్దావిడ కీళ్లనొప్పుల తైలం రాసుకున్న చేత్తో రోజూ పట్టుకుంది."

మా అమ్మ మోకాళ్లకు నారాయణ తైలం రాసుకుంటుంది. నేను పక్కనున్న ఖాళీ ట్రే బోర్లించి దాని మీద కూర్చుండిపోయాను. నాకు సిగ్గేమీ అనిపించలేదు, ఆశ్చర్యమే వేసింది. మా ఇంటి వంటగది, మా అమ్మ చెయ్యి, ఆ మోకాళ్ల నొప్పి, ఇవన్నీ ఆ గాజులో ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఆరోజు పని మానేసి సాయంత్రం దాకా ఆవిడ పక్కనే కూర్చున్నాను.

అప్పట్నుంచీ అది నాకు అలవాటైంది. పని తెమలగానే వాసన బల్ల దగ్గరికి వెళ్లేదాన్ని. శౌరమ్మ సీసాలు అందుకుంటూ నెమ్మదిగా చెబుతూ పోయేది. మంగళగిరి సీసాల్లో కొన్ని గంజి వాసన వేస్తాయి, మగ్గం దగ్గర నీళ్లకు పెట్టుకున్నవి. బందరు వైపు నుంచి వచ్చినవి ఎండుచేప. మైలవరం వైపువి ఎండాకాలంలో మామిడి జీడి. ఇది తాపీ పని చేసేవాళ్లది, సిమెంటు చేత్తో పట్టుకున్నారు. ఇది పసిపిల్లలున్న ఇల్లు. ఇంత పెద్ద కృష్ణా డెల్టా రోజూ ఆవిడ ముక్కు ముందునుంచి వరసగా నడిచిపోయేది, నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. ఆవిడ అప్పుడప్పుడు తప్పు చెప్పేది కూడా. ఒకసారి సాంబ్రాణి అన్నది ఇంకేదో అగరుబత్తి అని తేలింది. అదేమీ నా ఆశ్చర్యాన్ని తగ్గించలేదు.

ఈ ముక్కు ఎక్కణ్నుంచి వచ్చిందని ఒకరోజు అడిగాను. మైలవరం దగ్గర పల్లెలో పుట్టిందట. చిన్నప్పటినుంచే మామిడికాయల పాకల్లో కూలి. గడ్డిలో మగ్గబెట్టిన కాయల్లో ఏది కుళ్లబోతోందో వాసన మీదే ఏరాలి, ఒక్కటి వదిలేస్తే బుట్టంతా పోతుంది. అక్కడ అందరూ ఆవిడనే పిలిచేవాళ్లట. తరువాత బాలశౌరిని చేసుకుని భవానీపురం వచ్చింది. వచ్చాక ముక్కు పోయింది.

"ఆయన చొక్కా, దుప్పటి, అన్నం, పిల్లల తలకాయలు, అన్నీ బొగ్గేనండీ. ఇన్నేళ్లూ మా ఇంట్లో ఇంకో వాసన లేదు. మీరొచ్చి బొగ్గు తీసేశాక నా ముక్కు నాకు తిరిగొచ్చింది. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి మా ఆయన ఒంటి వాసన తెలిసింది నాకు. పెళ్లయిన కొత్తలో ఉన్నట్టే ఉంది."

ఇది చెప్పి ఆవిడ సిగ్గుపడి నవ్వేసింది. పొగ తగ్గింది అని నేను ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పి ఉంటాను, టన్నుల్లో చెప్పాను, శాతాల్లో చెప్పాను. తగ్గితే ఏమవుతుందో ఒక మనిషి నోట వినడం అదే మొదటిసారి. కప్పు మీద బాలశౌరి బకెట్టు చప్పుడు వినిపిస్తోంది.

కష్టం గాజుకు మారిన రెండో ఏడు వచ్చింది. వాషర్‌లోకి వెళ్లే సీసాలను యంత్రమే లెక్కపెడుతుంది. ఆ లెక్క నెలనెలకూ పడిపోతూ వచ్చింది. బయటికి పంపిన సీసాలకూ లోపలికి వచ్చినవాటికీ పొంతన లేదు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లు అయ్యాక మరీ దిగజారింది. కొత్త సీసాలు తెప్పిస్తూనే ఉన్నాం, అవి ఎక్కడికో వెళ్లి మాయమవుతున్నాయి. నేను లెక్క కట్టి చూసుకున్నాను. ఇలాగే ఇంకో వేసవి నడిస్తే మేం ప్లాస్టిక్ వాడిన రోజులకన్నా ఎక్కువ పొగ వదిలినవాళ్లం అవుతాం.

నా కోపానికి హద్దు లేకుండా పోయింది. డిపోవాళ్ల మీద పడ్డాను. లారీ డ్రైవర్లతో పోట్లాడాను. గుణదలలో మా సోడా అమ్మే కొట్లన్నీ తిరిగి ఒక్కొక్కరినీ నిలదీశాను. ప్రతివాళ్లూ, మాకు వచ్చినవి వచ్చినట్టు ట్రేల్లో పెట్టి ఇచ్చేశామమ్మా అనేవాళ్లే. అందరూ అబద్ధాలకోర్లని తేల్చేసుకుని, చెప్పులరిగేలా తిరిగి, జ్వరం తెచ్చుకుని వచ్చాను. తిరిగొచ్చిన ట్రేలకూ వాషర్‌కూ మధ్య ఒక బల్ల ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. అక్కడ కూర్చున్నది శౌరమ్మ కదా, ఇంకెందుకు తడుతుంది?

మార్చి చివర కోటేశ్వరరావు గారు నన్ను పిలిచారు. ప్లాస్టిక్ సీసాలు ఊదే మిషను అమ్మే మనిషి అంతకుముందే వచ్చి వెళ్లాడు, మళ్లీ సోమవారం వస్తున్నాడు. గాజు మీద ఆయనకు ప్రేమ లేక కాదు, కానీ తిరిగి రాని సీసాతో వ్యాపారం ఎలా చేస్తారు? గాజు పోతే వాషర్ పోతుంది, వాషర్ పోతే వాసన బల్ల పోతుంది. ఎవరినీ ఇంటికి పంపనని ఆయన అన్నారు గానీ, శౌరమ్మ తిరిగి చీపురు పట్టుకోవాల్సిందే. నాకు ఏడుపొచ్చింది.

ఆ సంగతి దాచడం నావల్ల కాక, మధ్యాహ్నం టీల దగ్గర అందరి ముందూ చెప్పేశాను. జనం సీసాలు ఇళ్లలో ఉంచేసుకుంటున్నారు, తిరగని గాజు ప్లాస్టిక్ కన్నా అన్యాయం, సోమవారంతో ఇదంతా అయిపోతుంది అన్నాను. శౌరమ్మ తాగుతున్న టీగ్లాసు కింద పెట్టేసింది. ఉద్యోగం గురించి బెంగ పడుతోందనుకుని నేను దగ్గరికి వెళితే, ఒకసారి నాతో రండమ్మా అని ముందు నడిచింది.

పాత బాయిలర్ గది మా ఆవరణలో వెనకపక్కన ఉంది. బొగ్గు పోయాక అందులో ఎవరికీ పని లేదు. అదనపు ట్రేలు పెట్టుకోవడానికని తాళంచెవి శౌరమ్మ దగ్గరే ఉండేది. ఆవిడ తాళం తీసి, తలుపు తోసి, పక్కకు జరిగి నిలబడింది.

నేను చూసింది ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకప్పుడు బాయిలర్ ఉన్నచోట పైన గొట్టం తీసేసిన పెద్ద కన్నం ఉంది. అందులోంచి మధ్యాహ్నపు ఎండ దిగుతోంది. ఆ ఎండ చుట్టూ, నేల నుంచి కప్పు దాకా, నాలుగు గోడల పొడుగునా మా సీసాలు. ట్రే మీద ట్రే, ఒక్కదాని మీద కూడా దుమ్ము లేదు. లేత ఆకుపచ్చ వెలుగు గదంతా నిండిపోయి శౌరమ్మ తెల్లజుట్టు మీద, నా చేతుల మీద పడుతోంది. బొగ్గు మసితో నల్లబడిన ఆ గోడలు ఆ రంగులో కనబడకుండా పోయాయి. మాయమైన సీసాలు దొరికాయన్న ఆలోచన కూడా చాలాసేపటిదాకా రాలేదు. నాలాంటి మొద్దు ముక్కుకు కూడా ఆ గదిలో కొవ్వొత్తి మైనం, కొబ్బరినూనె, వాడిపోయిన పూలు కలిసిన వాసన తెలిసింది.

శౌరమ్మ గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. గుణదల వచ్చినవాళ్లు కొండెక్కి దిగి మన సోడా తాగుతారు. తాగిన సీసా కడిగి, దాన్నిండా మాత దగ్గరి నీళ్లు పట్టుకుని ఊరికి తీసుకెళతారు. ఇంట్లో మాత పటం కింద, కొవ్వొత్తి పక్కన పెట్టుకుంటారు. పిల్లకు జ్వరమొస్తే ఒక చుక్క, గేదె ఈనలేకపోతే ఒక చుక్క. నెలలకు నీళ్లు అయిపోయాక సీసా కొట్లో ఇచ్చేస్తారు. అవి ట్రేల్లో బల్ల దగ్గరికి వస్తాయి. కిరోసిన్ కొట్టినవాటిని పగలగొట్టడానికి పక్కన పడేసే ఆవిడ చెయ్యి వీటి దగ్గర ఆగిపోయింది. పగలగొట్టలేదు. కాస్టిక్‌లో ముంచి, మాత నీళ్ల తడిని ఆ మురికినీళ్లతో కలిపి కాలవలోకి పంపలేదు. పక్కన పెట్టింది. ఒక ట్రే నిండింది, తరువాత ఇంకొకటి.

ఆశ్చర్యం దిగాక నాకు అలవాటైన కోపమే వచ్చింది. ఇన్నాళ్లుగా రోజూ పక్కన కూర్చున్నాను, ఒక్కమాట నాతో అనడానికి ఏమైంది అని గట్టిగానే అడిగాను.

"చెబితే మీరు వాషర్లో వేసెయ్యమంటారండీ. మీరు వేసెయ్యమన్నాక నేను వెయ్యకపోతే అది ఇంకో తప్పు. ఇంత పెద్ద కంపెనీ, సీసాలు కొనుక్కుంటది గదా అనుకున్నా. నిలబడిపోయిన సీసా చెడ్డదైపోద్దని నాకు తెలీదు."

కోటేశ్వరరావు గారికి తనే చెబుతానని వెళ్లి, ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన విసవిసా వచ్చారు. గుమ్మం దగ్గరికి వచ్చి లోపలికి చూసి ఆగిపోయారు. కాళ్లకున్న చెప్పులు విడిచి పక్కన పెట్టి, ఉత్తికాళ్లతో లోపలికి వచ్చారు. ఏటా ఉగాదికి బాయిలర్‌కు బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టిన మనిషి ఆయన. ఒక ట్రే దగ్గర నిలబడి చేత్తో ముట్టుకోబోయి మానేశారు.

ఆయన శౌరమ్మ వైపు తిరిగి మాట్లాడారు.

"నేను వెయ్యమనను శౌరమ్మా. ఇట్టాంటివి ఒకరు చెబితే చేసేవి కావు. నువ్వు వెయ్యలేనంటే సోమవారం మిషనుకు చెప్పేస్తా, ఈ గది ఇట్టాగే ఉంటది. నీ మీద నాకేం కోపం లేదు."

ఇది ఇంకా కష్టమైపోయింది. తిట్టినా బాగుండేది. మా ఇంట్లో అభిషేకం నీళ్లు తొక్కకూడదని చెట్టు మొదట్లో పోస్తామని నేను ఏదో సాయం చెయ్యబోయాను. శౌరమ్మ తలూపింది. వాళ్ల ఫాదర్ గారు కూడా అదే చెబుతారట, మురిక్కాలవలో వద్దు, మట్టిలో పొయ్యమని. నీళ్ల సంగతి ఆవిడకు తెలుసు. ఆవిడ బాధంతా సీసాది. ఎవరి ఇంట్లో ఏ ప్రార్థన విన్నదో ఆ సీసా, దాన్ని మళ్లీ మామూలు సీసాను చెయ్యడానికి తనెవరు?

ఆవిడ ఆ ఎండ వైపు తిరిగింది. తరువాత మాతో అన్నట్టు కాకుండా మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

"అక్టోబరు నెలంతా మా పేటలో మాత స్వరూపం, చిన్న బొమ్మ, ఇంటింటికీ తిరుగుద్దండీ. ఒక్కో ఇంట్లో ఒక్క రాత్రి. జపమాల చెప్పుకుని పొద్దున్నే పక్కింటికి సాగనంపాలి. ఒక ఏడు రావమ్మ అని ఒకావిడ, కొడుక్కి బాగాలేదు, ఇంకో రెండ్రోజులు ఉంచుకుంటానని తలుపేసుకుంది. నేనే ముందుబడి పోట్లాడా. పక్కింట్లో కూడా జబ్బు మనుషులున్నారు, అమ్మ నీ ఒక్కదానికేనా అని తిట్టా. ఆ రావమ్మని తిట్టిన నోరే ఇది. ఇక్కడ తలుపేసుకుంది నేనేనండీ."

నేను ఎన్ని సమావేశాల్లో, ఎన్ని బొమ్మలు గీసి, గాజు సీసా తిరిగితేనే బతుకుతుందని చెప్పానో లెక్కలేదు. ఆవిడ ఒక్క వీధి తగాదాతో ఆ మాటకు ప్రాణం పోసింది. కోటేశ్వరరావు గారు కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. నేనైతే దాచుకోకుండానే ఏడ్చాను.

శౌరమ్మ కొంగు నడుముకు దోపి మొదటి ట్రే తనే ఎత్తింది. బాలశౌరి కప్పు దిగి వచ్చాడు. గోడ పొడుగునా కరివేపాకు మొక్కలూ అరటి పిలకలూ ఉన్నాయి. ఒక్కొక్క సీసాలో మంచినీళ్లు పోసి, తొలిచి, ఆ నీళ్లు వాటి మొదళ్లలో పోశాం. సీసాను నుదుటికి ఆనించి శౌరమ్మ బాలశౌరికి ఇచ్చేది, బాలశౌరి నాకు ఇచ్చేవాడు, నేను ట్రేలో పెట్టేదాన్ని. అడగకుండానే లోడింగ్ వాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి వరసలో కలిశారు. కరివేపాకు మొదళ్లు తడిసి ముద్దయ్యాయి. ఆ గది ఖాళీ కావడానికి ఆ వారమంతా పట్టింది.

మొదటి వరస సీసాలను వాషర్ పట్టీ మీద ఆవిడే పెట్టింది. సీసాలు ఒకదాని వెనక ఒకటి తెర దాటి ఆవిరిలోకి వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడి, తరువాత పరుగులాంటి నడకతో అవతలి కొసకు వెళ్లింది. నేనూ వెళ్లాను. కోటేశ్వరరావు గారు ఫోన్లో మిషను మనిషికి ఇక రావద్దని చెబుతూ మా వెనకే వచ్చారు.

వేడి వేడి సీసా ఒకటి ఎండ కాచిన నీళ్లలో మునిగి తేలి, తళతళలాడుతూ బయటికి వచ్చింది. శౌరమ్మ దాన్ని కొంగుతో పట్టుకుని మూతి దగ్గర ముక్కు పెట్టింది. కళ్లు మూసుకుంది. అంతసేపు ఒక్క సీసాను ఆవిడ వాసన చూడటం నేనెప్పుడూ చూడలేదు. మైనం ఉందా, నూనె ఉందా, ఏ ఊరు, ఎవరిల్లు అని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏమీ లేదండీ," అంది కళ్లు తెరిచి. "ఇప్పుడు ఎవరింటికైనా వెళ్లుద్ది."

అని దాన్ని నింపే వరసలో నిలబెట్టి, తరువాతి సీసా అందుకుంది.